వారపు సరుకు, దినపు కూలి

విశాఖపట్టణపు ఓడరేవునకు దక్షిణమున, సముద్రములోనికి చొచ్చుకొనిపోయి నావికులచే డాల్ఫిన్ ముక్కు అని పిలువబడు కొండకు ఆవలి పార్శ్వమున, మూడు దిక్కుల కొండలును నాలుగవ దిక్కున బంగాళాఖాతమును ఎల్లలుగా, కొబ్బరితోటల నడుమ యారాడ గ్రామము కలదు. పాలనాదృష్టితో చూచినచో అది మహావిశాఖ నగరములో ఒక భాగమే; కాని నగరమునుండి అచటికి పోదలచినవారు నౌకానిర్మాణశాలను, నౌకాదళపు ప్రహరీలను, చమురుశుద్ధి కర్మాగారపు గొట్టములను దాటి, సింధియా, మల్కాపురముల మీదుగా సాగి, కొండనెక్కి దిగవలసియుండును. ఆదివారమునాడు తీరవిహారమునకు వచ్చువారికి ఆ మలుపుల దారి నేత్రోత్సవము. ఊరివారికి మాత్రము అది జీవనాధారము. గ్యాసుబండ, రక్తపోటు మాత్రలు, పిల్లల పైచదువు, పెద్దల కూలి, ఇవి యన్నియు ఆ దారినే నమ్ముకొనియున్నవి. కరోనా మహమ్మారి కాలమున మనుష్యుల నిత్యకృత్యములు ఎట్లు మారినవో విచారింపదలచినవారికి ఇంతకంటె తగిన స్థలము దొరకుట అరుదు. ఏలయనగా ఇచట అంగడికి పోయివచ్చుట అను అల్పకార్యము కొండ దాటుట అను పెద్దపనితో ముడిపడియున్నది.

2020 మార్చి 12వ తేదీన, ఇటలీనుండి నెల్లూరునకు తిరిగివచ్చిన యొక యువకునికి కరోనా సోకినట్లు నిర్ధారితమగుటతో ఆంధ్రప్రదేశమున ఈ వ్యాధి కథ మొదలయ్యెను. వారము తిరుగునప్పటికి, 19వ తేదీన, విశాఖలో తొలి రోగి బయటపడెను. 22వ తేదీ ఆదివారము జనతా కర్ఫ్యూ. ఆ సాయంకాలము అయిదు గంటలకు జనులు గుమ్మములలో నిలిచి చప్పట్లు చరచిరి, పళ్ళెములు మ్రోగించిరి. 25వ తేదీన శార్వరి నామ సంవత్సరాది. అదే దినమున దేశమంతట లాక్‌డౌన్ ఆరంభమయ్యెను. ఉగాది పచ్చడికి వేపపువ్వును మామిడిపిందెయు చెట్టుననే దొరకు పల్లెలలో పండుగకు లోటు రాలేదు గాని, కొత్తబెల్లమునకు అంగడికి పోవలెనన్న మాత్రము ఆలోచింపవలసివచ్చెను. మొదట 21 దినములనిరి. పిమ్మట మే 3వ తేదీ వరకు, ఆపైన 17 వరకు, తుదకు 31 వరకు పొడిగించిరి. విశాఖలో సిటీబస్సులు తిరిగి రోడ్డెక్కునప్పటికి సెప్టెంబరు మాసము వచ్చెను. సొంతబండి లేని యింటివారికి ఆ ఆరునెలలును కొండ ఎత్తు పెరిగినట్లే తోచియుండును.

ఇంటినుండి బయలుదేరుచున్న మనిషిని ‘ఎక్కడికి?’ అని అడుగరాదని తెలుగు ఇండ్లలో పిల్లలకు చిన్ననాటనే నేర్పుదురు. అట్లడిగినచో పోయిన పని చెడునని నమ్మిక; అందుచేత అడుగక తప్పనివారు ‘దూరమా?’ అని చుట్టుదారిన విచారింతురు. ఆ వేసవిలో ప్రతి కూడలియందును లాఠీ చేతబూనిన పోలీసు తొలుత అడిగినది ఆ అడుగరాని ప్రశ్ననే. దానివెంట మరియొకటి: ‘అంత అవసరమా?’ ఈ రెండవ ప్రశ్న బయటివారు అడుగుటతో ఆగలేదు. అది ఇంటిలోనికి వచ్చి, చెప్పులు తొడుగుకొనువానిని తనంత తానే అడుగుట మొదలుపెట్టెను. కొత్తిమీర కట్ట అవసరమా? జుట్టు కత్తిరించుకొనుట అవసరమా? పొరుగూరిలో మంచము పట్టిన మేనత్తను చూచివచ్చుట అవసరమా? జీవితమున ఏనాడును తూకము వేయని పనులను మనుష్యులు ఒకటొకటిగా తీసి తూచసాగిరి. చాలవరకు అనవసరములే అని తేలుటయు, ఆ అనవసరములు లేని దినము దినముగానే తోపకపోవుటయు ఏకకాలమున తెలియవచ్చినవి.

ఈ కట్టుబాట్లకు గల కారణము సులభగ్రాహ్యమే. రోగి దగ్గినపుడును తుమ్మినపుడును మాటాడినపుడును వెలువడు సూక్ష్మబిందువులతో వైరసు ఒకరినుండి యొకరికి ప్రాకును. మూసిన గదులలో అది గాలిలో కొంత సేపు తేలియాడును. దానిపై కప్పియున్న కొవ్వుపొర సబ్బునురుగుతో విచ్ఛిన్నమగును గనుక ఇరువది సెకనులు చేతులు రుద్దుకొనుమనిరి. సోకిన వ్యక్తిలో లక్షణములు కనబడుటకు సాధారణముగా అయిదారు దినములు, అరుదుగా పదునాలుగు దినముల వరకును పట్టును. అందుకే పదునాలుగు దినముల ఏకాంతవాసము విధించిరి. లక్షణములు లేనివాడును వ్యాధిని పంచగలడు గనుక మాస్కు అందరికిని అనిరి. ఇంతవరకు శాస్త్రము నిష్పక్షపాతముగా మాటాడినది. వైరసునకు ధనికుడును దరిద్రుడును సమానులే. కాని ఆ శాస్త్రమునుండి పుట్టిన ఉపదేశములు మాత్రము అందరి యింటను సమానముగా చెల్లలేదు.

ఆ ఉపదేశములలో ముఖ్యమైనది, వారమునకు సరిపడు సరుకులు ఒకేసారి తెచ్చుకొని యింట నుండుమనుట. వినుటకు ఇంతకంటె న్యాయమైన మాట లేదు. సున్నముతో గీసిన వలయములలో మనుష్యులు దూరదూరముగా నిలిచియున్న ఏ కొట్టు ముందైనను ఆ దినములలో ఇట్టి సంభాషణము వినవచ్చెడిది:

“ఏటమ్మా, రోజూ వస్తన్నావు? వారానికోసారి పట్టుకెళ్ళిపోరాదా?”

“వారం కూలీ ఒక్కసారే చేతిలో ఎడితే, నాను వారానికోసారే వస్తాను బాబూ.”

ఆ ప్రత్యుత్తరములో ఒక అర్థశాస్త్రమే ఇమిడియున్నది. మనుష్యుడు సరుకు కొను విధము అతని బుద్ధిని అనుసరింపదు. అతనికి రాబడి వచ్చు విధమును అనుసరించును. నెలజీతగాడు నెలసరుకు చీటీ వ్రాయును; వారపు బట్వాడావాడు సంతనాడు కొనును; దినకూలి సాయంకాలము మేస్త్రీవద్ద సొమ్ము పుచ్చుకొని దారిలోనే పావుకిలో కందిపప్పు, వంద గ్రాముల నూనె, ఒక షాంపూ పొట్లము తీసికొని యిల్లు చేరును. చిల్లరగా కొనుటవలన అతడు కిలోకు ఎక్కువయే చెల్లించుచున్నాడు. ఆ సంగతి అతడెరుగనిది కాదు. రిఫ్రిజరేటరు లేని యింట వారపు కూరగాయలు మూడవనాటికే వాడును. చేతిలో లేని సొమ్ముతో వారపు బియ్యము రాదు. కనుక ‘తరచుగా బయట తిరుగువారు’ అను నింద ఎవరిమీద పడినదో వారు క్రమశిక్షణ లేనివారు కారు. దినదినమును దినదినముగానే కొనుక్కొనవలసినవారు. కూలి నిలిచిపోయిన పిమ్మట వారిని ఆదుకొన్నది చాలచోట్ల వీధి చివరి కిరాణాకొట్టు ఖాతాపుస్తకము. పెద్ద అంగళ్ళలో లేనిది, చిన్న కొట్టులో ఉన్నది అదియే: మనిషి ముఖము చూచి అప్పుపెట్టు ధైర్యము.

ప్రభుత్వములును ఈ చిక్కును గుర్తింపకపోలేదు. రాష్ట్రప్రభుత్వము మార్చి నెలాఖరుననే బియ్యము కార్డుదారులకు ఉచితముగా బియ్యమును కిలో కందిపప్పును ఇయ్యనారంభించెను. ఏప్రిల్ 4వ తేదీన ఇంటింటికి వేయి రూపాయలు పంపిణీ చేసెను. కేంద్రము మనిషికి అయిదు కిలోల ధాన్యమును, ఉజ్జ్వల పథకపు ఇండ్లకు మూడు గ్యాసుబండలను, జన్‌ధన్ ఖాతాలు గల స్త్రీలకు మూడు నెలలపాటు నెలకు 500 రూపాయలను ప్రకటించెను. ఆ 500 తీసికొనుటకు బ్యాంకులవద్ద జనము మూగకుండుటకై చేసిన ఏర్పాటు చెప్పుకొనదగినది: ఖాతా సంఖ్య చివరి అంకె సున్నయో ఒకటియో అయినవారు ఏప్రిల్ 3న, రెండు మూడు అయినవారు 4న, ఈ రీతిగా 9వ తేదీ వరకు దినమునకు రెండేసి అంకెలవారు రావలెను. అక్షరము రానివారు సయితము తమ పుస్తకముపై చివరి అంకెను ఇరుగుపొరుగువారిచేత చదివించుకొని, ఆ దినమున పనిగట్టుకొని పోయిరి. 2019 ఆగస్టు 15న రాష్ట్రమున ఏర్పడిన వలంటీరు వ్యవస్థ, సుమారు ఏబది యిండ్లకు ఒకరు చొప్పున, పింఛనును ఇంటిగుమ్మము వద్దకే తెచ్చుచుండెను. ఆ వలంటీర్లే విదేశములనుండి వచ్చినవారి లెక్కలు తీసిరి, జ్వరమున్నదా అని తలుపులు తట్టిరి. మనుష్యులు సరుకుకొరకు నడచుట మాని సరుకు మనుష్యుల కొరకు నడచుట, ఎంత స్వల్పకాలమైనను, ఒక మేలైన తలక్రిందులు. అయితే కార్డు ఉన్న యింటికే సరుకు నడచినది. ఊరుగాని ఊరిలో పని పోగొట్టుకొని, గాజువాక మీదుగా జాతీయరహదారి పట్టి ఒడిశా వైపు కాలినడకన పోయిన కూలీలకు ఏ గుమ్మమును లేదు.

సముద్రము ఎదుటనే యున్నదిగదా, తీరవాసులకు ఆహారమునకేమి కొరత యని లోపలి ప్రాంతములవారు అనుకొందురు. చేప ఆహారము కంటె ముందు సరుకు. పట్టిన గంటలలో అమ్ముడుపోనిచో మంచుగడ్డయైనను ఉండవలె, ఎండబెట్టుటకు చోటైనను ఉండవలె. రేవులో వేలము లేదు, మంచు లేదు, గంప నెత్తిన పెట్టుకొని కాలనీలలో తిరిగి కవళ్ళు, కానాగంతలు అమ్ము స్త్రీలకు అపార్టుమెంటు గేటు తెరవరు. ఇంతలో చేపలు గ్రుడ్లుపెట్టు కాలమున ఏటేటా వచ్చు వేటనిషేధము రానే వచ్చెను. తూర్పుతీరమున అది ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు; అంతకుముందే పడవలు ఒడ్డున పడియుండుటను గమనించి కేంద్రము ఆ ఏట దానిని మే 31తో ముగించి 47 దినములకు తగ్గించెను. మరియొకవైపు, గుజరాతునందలి వేరావల్ రేవులో పడవలపై పనికి పోయిన శ్రీకాకుళ, విజయనగర, విశాఖ జిల్లాల మత్స్యకారులు నాలుగువేలకు పైబడి అచటనే చిక్కుకొని, ఇరుకు పడవలలోనే కాలము గడిపి, ఏప్రిల్ చివరనుండి బస్సులలో స్వస్థలములకు చేరిరి. సొంత కడలిలో బ్రతుకుతెరువు చాలక పరకడలికి పోయినవారు వారు. మహమ్మారి వారి కథను మొదటిసారి నగరవాసుల దృష్టికి తెచ్చినది.

యారాడ ఇసుకమీద నిలిచి చూచినచో, రేవులోనికి పిలుపు కొరకు లంగరు వేసికొని వేచియుండు ఓడలు దూరమున కనబడును. జనులను వేరుపరచి వ్యాధిని ఆపు పద్ధతి తొలుత పుట్టినది ఇట్టి ఓడల విషయముననే. 1377లో ఏడ్రియాటిక్ తీరమునందలి రగూసా నగరము, ప్లేగు ప్రాంతములనుండి వచ్చువారు నెలదినములు ఊరివెలుపల గడిపినగాని లోనికి రారాదని శాసించెను. పిమ్మటి కాలమున ఆ గడువు నలుబది దినములైనది. నేటికిని ఓడ విదేశపు రేవు చేరునపుడు పసుపుపచ్చని జెండా ఎగురవేయుట ఆచారము. ‘మా ఓడలో అందరును ఆరోగ్యవంతులే, ఒడ్డునకు అనుమతి నిండు’ అని దాని భావము. 2020లో ఆ అనుమతులు దొరకుట దుర్లభమయ్యెను. ఒప్పందపు గడువు తీరియు దిగుటకు వీలులేక సముద్రముమీదనే ఉండిపోయిన నావికులు ప్రపంచమంతట సుమారు నాలుగులక్షలమందియని ఆ సంవత్సరాంతమున అంతర్జాతీయ సంస్థలు లెక్కకట్టినవి. మన యింటికి వచ్చిన నూనెయు, ఎరువును, బొగ్గును వారి చేతులమీదుగా వచ్చినవే. ఒడ్డున మనము ఇంటినుండి బయటకు రాలేక వేగిరపడుచుండగా, వారు బయటినుండి ఇంటికి పోలేక వేచియుండిరి. విశాఖ స్థావరముగా గల జలాశ్వ యుద్ధనౌక మే 10వ తేదీన మాల్దీవుల మాలెలో చిక్కుకొన్న 698 మందిని కొచ్చి చేర్చినది ఈ కాలముననే.

ఇంట నుండుటయే క్షేమము అను సూత్రమును విశాఖ ఎంత శ్రద్ధగా వల్లెవేసినదో అంత క్రూరముగా అది ఒక వేకువజామున తలక్రిందయ్యెను. మే 7వ తేదీన ఆర్.ఆర్. వెంకటాపురమునందలి ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, నిద్రించుచున్న యిండ్లలోనికి ప్రాకెను. లాక్‌డౌన్ కారణమున కర్మాగారము నిలిచి, నిలువయున్న ద్రవము వేడెక్కుట ఆ ప్రమాదమునకు మూలము. పండ్రెండుమంది మృతినొందిరి; వందలకొలది జనులు మాస్కును దూరమును మరచి, పిల్లలను భుజాన వేసికొని చీకటిలో పరుగెత్తిరి. ఆ రాత్రి ‘అవసరమా?’ అని ఎవ్వరును ఎవ్వరిని అడుగలేదు. పొగగొట్టముల నడుమ నివసించు నగరమునకు ఇల్లు ఎంతవరకు కోటయో అప్పుడు తెలిసివచ్చెను.

బయటి సంగతులిట్లుండ, మనుష్యుల మనస్సులలో జరిగినది వేరొక చరిత్ర. పిల్లవాడు తుమ్మినచో ‘చిరంజీవ’ అని దీవించు పెద్దలు, ఆ నాళ్ళలో తుమ్ము వినినంతనే ముఖముఖములు చూచుకొనిరి. వాసన తెలియకపోవుట వ్యాధిలక్షణమని వినినవారు తెల్లవారి లేచి, ఎవరును చూడకుండ ఇంగువడబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకొని, ఘాటు తగిలిన పిమ్మట నెమ్మదించిరి. భయము వలన కొందరు దైవచింతనకును, కొందరు దూరదర్శన రామాయణమునకును, కొందరు వంటింటికిని చేరిరి. అంగడిపని తమవంతు చేసికొన్న పురుషులు పలువురు చింతపండు ధరను మొదటిసారి తెలిసికొనిరి. ఇంటిల్లిపాదియు నాలుగుపూటలును ఇంటనే యుండగా ఆ చింతపండు కలుపు చేతులకు పని ఎన్నిమడుగులు పెరిగినదో తెలిసికొన్నవారు మాత్రము కొలదిమందియే.

కాళ్ళు కడిగికొని లోనికి వచ్చుట, చావింటికి పోయివచ్చి స్నానము చేయుట, చేయి కలుపక చేతులు జోడించుట మన పూర్వులు ఎరిగినవేగదా యని గర్వించినవారు అప్పుడు చాలమంది. శౌచము మంచిదే, కాని ఆ గర్వమును పరీక్షింపక ఒప్పుకొనరాదు. మన మడి ఆచారము శరీరములోని సూక్ష్మజీవిని చూచి తొలగుమనలేదు. పెక్కుమార్లు మనిషి పుట్టుకను చూచి తొలగుమన్నది. మహమ్మారి దూరము పదునాలుగు దినములతో తీరెడిది. పుట్టుకను చూచి పెట్టిన ఆ రెండవ దూరమునకు గడువు లేదు. కోలుకొని ఆసుపత్రినుండి తిరిగివచ్చినవానికి వీధికుళాయివద్ద చోటీయని వారును, రోగులకు సేవచేయు నర్సును ఇల్లు ఖాళీచేయుమన్న యజమానులును, నూతనశాస్త్రపు భాషలో ఆ పాత జాడ్యమునే పలికిరి.

వ్యాధిని తలచుకొనుటకు విశాఖవాసులకు తమదైన యొక జ్ఞాపకము కలదు. బురుజుపేటలోని కనకమహాలక్ష్మి అమ్మవారి గర్భగుడికి కప్పు లేదు. ఎవరైనను స్వహస్తములతో పూజింపవచ్చును. 1917లో వీధి వెడల్పు చేయుటకై విగ్రహమును కదల్పగా ఊరిలో ప్లేగు చెలరేగినదనియు, తిరిగి యథాస్థానమున నిలుపగా శమించినదనియు స్థలపురాణము. కార్యకారణమును గూర్చి వైద్యుడు వేరొకటి చెప్పును. కాని ఆ కథ చెప్పుకొనువారి మనస్సులో మహమ్మారి అనునది ఎవరో ఒకరిని ఉన్నచోటునుండి కదల్చినందుకు వచ్చిన ఫలితము. తాకుటకే ప్రసిద్ధమైన ఆ సన్నిధియు 2020లో తాకుడు లేక గడపెను. సింహాచలమున ఏటికొక్కసారి అప్పన్న నిజరూపము చూపు చందనోత్సవము ఏప్రిల్ 26న భక్తులు లేకయే ఏకాంతముగా జరిగెను. పెండ్లికి ఏబదిమంది, శవయాత్రకు ఇరువదిమంది అని పరిమితి వచ్చెను. పెండ్లికి తగ్గిన జనమును గూర్చి కన్యాదాతలు లోలోన సంతోషించియుందురు. చావునకు తగ్గిన జనము మాత్రము నేటికిని తీరని బాకీగా పలు కుటుంబములలో మిగిలియున్నది. మోయుటకు భుజము ఇయ్యలేకపోయితిమన్న మాట ఇప్పటికిని సంవత్సరీకములనాడు వినవచ్చును.

2021 వేసవిలో రెండవ తాకిడి వచ్చునప్పటికి అంగడిచీటీలన్నియు మరుగుపడి, ప్రాణవాయువు ఒక్కటియే అందరి అవసరమయ్యెను. గాలిని మిక్కిలి చల్లార్చి ద్రవముగా మార్చి వేరుపరచిన ఆక్సిజనుతో ఉక్కు తయారుచేయు విశాఖ ఉక్కు కర్మాగారము, దానిని ఆసుపత్రులకు మళ్ళించెను. దేశమున తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ మహారాష్ట్రమునుండి ఏడు ఖాళీ ట్యాంకరులతో వచ్చి, ఏప్రిల్ 22వ తేదీ రాత్రి ఇచటినుండి నిండుగా వెడలెను. అంతకుముందు సంవత్సరమే విశాఖ నౌకాదళ డాక్‌యార్డు సిబ్బంది, ఒకే సిలిండరునుండి ఆరుగురు రోగులకు ఆక్సిజను అందించు సాధనము నిర్మించిరి. పెదగంట్యాడవద్దనున్న వైద్యపరికరముల పారిశ్రామికవాటికలో పరీక్షాకిట్లు తయారయ్యెను. యారాడ కొండకు చుట్టునున్న ఈ నెలవులన్నిటను పనిచేసినవారు ‘ఇంటనుండియే పని’ అను వరము లేనివారు. లోహము కరిగించు కొలిమిని ఇంటికి తీసికొనిపోవుట సాధ్యము కాదు.

ఆలోచించి చూడగా, ఆ రెండేండ్లలో ఇంటనుండగలిగినవారి క్షేమము ఇంటనుండలేనివారి రాకపోకలమీద నిలిచినదని తేలుచున్నది. గుమ్మమువద్ద పాలపొట్లము ఉంచిపోయినవాడు, పింఛను తెచ్చిన వలంటీరు, చెత్తబండి నడపినవాడు, ఓడ దిగలేని నావికుడు, కొలిమివద్ద నిలిచిన కార్మికుడు తిరుగుటచేతనే తక్కినవారు కదలక కూర్చుండగలిగిరి. ఇది వారిని పొగడి పూలుచల్లుటతో తీరు ఋణము కాదు. ఇంకొక మహమ్మారి రాకమానదని వైద్యులు చెప్పుచున్నారు; అది వచ్చునాడు ఆజ్ఞాపత్రము వ్రాయు అధికారులు, వారపు సరుకు తెచ్చుకొమ్మని చెప్పుటకు ముందు వారపు కూలి చేతిలో పెట్టవలెను; కార్డు గలవారిని లెక్కించునంత శ్రద్ధగా కార్డు లేనివారినిని లెక్కింపవలెను; బస్సు ఆపు దినముననే కొండ ఆవలివారికి మందుబిళ్ళ చేరు దారి ఏర్పరుపవలెను. ఇవి జరిగిననాడు ‘అంత అవసరమా?’ అని మనిషిని అడుగుటకు ప్రభుత్వమునకును పొరుగువానికిని అధికారము కలుగును. జరుగనిచో, ఆ ప్రశ్న కడుపునిండినవాడు ఆకలిగొన్నవానిని అడుగు ప్రశ్నగానే మిగులును.